'సాల్ట్ ఆఫ్ ది ఎర్త్' : చలనచిత్ర విమర్శనము

సమ్మె యనగానే మనకు గనిద్వారమును, జెండాలును, ఉపన్యాసములును స్ఫురించును, వంటిల్లు స్ఫురింపదు. కాని కూలి నిలిచిన మరునాటినుండి పొయ్యి యెట్లు వెలుగునను చింత పుట్టునది వంటింటనే. పెద్ద కంపెనీ నెదుర్కొను పనివారికి ఊరివారందఱు తోడుపడవలెనని చెప్పుట సులభము. ఆ 'అందఱు' అను మాటలో స్త్రీలును చేరుదురా యని యడుగుట కష్టము. ఆ ప్రశ్న నడిగినందుననే, 1954లో అమెరికాలో వెలువడిన 'సాల్ట్ ఆఫ్ ది ఎర్త్' అను చిత్రమును మా పాఠకుల దృష్టికి దెచ్చుచున్నాము.

కథకు మూలము యథార్థము. న్యూ మెక్సికో రాష్ట్రమున హానోవరు గ్రామము చెంత ఎంపైర్ జింక్ కంపెనీకి గని యుండెను. అందు మెక్సికన్ సంతతివారైన పనివారు 1950 అక్టోబరులో సమ్మెకట్టిరి. 1951 జూనులో న్యాయస్థానము వారిని గనిదారిని కావలి నిలువరాదని శాసించెను. నిలిచినచో కారాగారము, నిలువకున్నచో సమ్మె భగ్నము. ఆ యుత్తరువు సంఘసభ్యులకేగాని వారి భార్యలకు వర్తింపదని గ్రహించి, స్త్రీలు కావలికి నిలిచిరి, పిల్లలతోగూడ చెఱసాలకేగిరి, చెదరలేదు. 1952 జనవరిలో ఒప్పందము కుదిరెను.

మైకేల్ విల్సన్ ఈ కథను వ్రాసి, గనివారి కుటుంబములకు వినిపించి, వారి యాక్షేపణల ననుసరించి దిద్దెను. హెర్బర్ట్ బైబర్మన్ దర్శకుడు. నాయకుడు రేమన్‌గా నటించినవాడు ఆ కార్మికసంఘాధ్యక్షుడే యైన హువాన్ చకోన్. అతని భార్య ఎస్పెరాన్సాగా మెక్సికో నటి రొసౌరా రెవుయెల్టాస్. తక్కినవారిలో పెక్కురు గనివారును, వారి యింటివారును. నటనమున నందందు బిగువు తక్కువైనను, ఆ ముఖములలోని నిజము దానిని కప్పివేయుచున్నది.

మాకు మిక్కిలి నచ్చిన ఘట్టము పోలీసులతోడి పెనుగులాట కాదు. అంతకు ముందు జరిగిన సభ. సంఘనియమము ప్రకారము స్త్రీలకు వోటు లేదు. అందుచే సంఘసభను ముగించి, అచ్చటనే దానిని ఊరివారి సభగా మార్చి, స్త్రీలకును వోటు కల్పింతురు. సంఘీభావ మనగా నిదియే: చందా లిచ్చుట మాత్రము కాదు, తీర్పులో పాలిచ్చుట.

రేమన్ సంఘమున ధీరుడు; ఇంట ప్రభువు. వేడినీటి వసతి కావలెనని స్త్రీలు కోరినపుడు దానిని వెనుకకు నెట్టును. భార్య కావలికేగిన నాడు తానే కట్టెలు తెచ్చి, నీళ్లు కాచి, బట్ట లుతికిన పిమ్మటగాని యా కోరిక విలువ యతనికి తెలియదు. తెల్లయజమాని చిన్నచూపునకు మండిపడు పురుషుడు ఇంట నాలిని చిన్నచూపు చూచుట యేమి న్యాయమని యామె నిలదీయుట చిత్రమునకు ప్రాణము.

లోపములు లేకపోలేదు. పోలీసు అధికారియు, కంపెనీవారును కేవలము దుష్టపాత్రలు. వెడలగొట్టబడిన కుటుంబము సామానులను జనులు మరల లోనికి చేర్చు ముగింపు మనోహరమే; కాని నిజమైన సమ్మె యంత చక్కగా ముగియలేదు. కోరికలన్నియు నెఱవేరలేదు. ఇండ్లలో గలిగిన మార్పును సర్వత్ర నిలువలేదు. సమ్మె ముగిసిన వెనుక పెక్కుయిండ్ల పాతవాడుకయే మరల వచ్చెను. ఈ చేదును చిత్రము చెప్పదు.

ఈ చిత్రమునకే తలుపులు మూయబడుట మఱియొక విశేషము. కమ్యూనిస్టు పక్షమువారని చలనచిత్ర పరిశ్రమ వెలివేసినవారు దీనిని నిర్మించిరి. చిత్రీకరణమధ్యముననే నటీమణిని నిర్బంధించి స్వదేశమునకు పంపిరి. ప్రదర్శనయంత్రములు నడపువారి సంఘము దీనిని చూపరాదని తనవారి నాజ్ఞాపించెను. ఒక కార్మికసంఘకథను మఱియొక కార్మికసంఘమే యడ్డగించుట విచారకరము. అయినను 1992లో అమెరికా ప్రభుత్వము దీనిని భద్రపఱుపదగిన జాతీయచిత్రముల పట్టికలో చేర్చెను.

కంపెనీతో పోరు పదునైదు నెలలలో ముగిసెను. ఇంటిలోని పోరునకు ఒప్పందపత్రము లేదు. దానిని ప్రతిదినమును నిలుపుకొనవలెను. ఈ చిత్రమును దంపతులు కలిసి చూచి, తమ యింట నీళ్లు కాచుట యెవరి పనియో ఒక్కమా ఱాలోచింతురుగాక!