పుస్తకం పేరు చెప్పి కూర్చోండి

మా మేనకోడలు మునగాల దగ్గరి పల్లె నుంచి వచ్చి మా ఇంట్లో ఉంటోంది. డిగ్రీ అయిపోయింది, గ్రూప్స్ కొట్టాలని పట్టుదల. పొద్దున్నే నాదర్‌గుల్‌లో బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌కు పోతుంది, చీకటి పడ్డాక వస్తుంది. ఒక రాత్రి అన్నం తింటూ ఫోన్‌లో ఏవో బొమ్మలు చూపించింది. ఏయే దేశాల గ్రంథాలయాలో. అంతెత్తు అల్మారాలు, వాటికి ఆనించిన నిచ్చెనలు, గాజు పైకప్పులోంచి దిగుతున్న వెలుతురు.

"ఇట్లాంటివి మన దగ్గర ఎందుకుండవు మామయ్యా?" అంది.

"నీ కోచింగ్ సెంటర్‌కు నాలుగైదు మెట్రో స్టేషన్ల అవతలే ఉన్నాయి. వచ్చే శనివారం సెలవు పెట్టు" అన్నాను.

ఏ నగరానికి పోయినా అక్కడి గ్రంథాలయమూ పుస్తకాల షాపులూ చూసి రావడం నాకు చాలా ఏళ్ల అలవాటు. మొదట్లో ఈ అలవాటు సరిగా ఉండేది కాదు. పాతికేళ్ల కిందట ఒక పెద్ద నగరంలో పేరుమోసిన గ్రంథాలయానికి పోయాను. రంగుటద్దాల కిటికీలు, నగిషీ చెక్కిన కలప, పాలరాతి నేల చూసి మైమరచిపోయాను. కలియదిరిగి, ఫొటోలు తీసుకుని, గంటలో బయటపడ్డాను. తిరుగు రైల్లో పక్కసీటు పెద్దాయన అడిగారు, అక్కడ ఏ పుస్తకం చూశావు బాబూ అని. ఒక్క పేరూ చెప్పలేకపోయాను. ఆ సిగ్గు చాలాకాలం పోలేదు. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. గ్రంథాలయానికి పోతే ఒక పుస్తకం పేరు చెప్పి అడగాలి. అది చేతికొచ్చాక కనీసం గంట కూర్చోవాలి. గోడలూ కిటికీలూ ఆ గంటలో వాటంతటవే కనిపిస్తాయి.

పోయేముందు ఆ పుస్తకం పేరేదో ఇంట్లోనే అనుకుని పోవాలి. "ఏ పుస్తకం అడుగుతావు?" అంటే మా అమ్మాయి ఆలోచించి, "సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. అది మాకు బిట్టు. 1955లో తెలుగుకు వచ్చిన మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు" అంది. పుస్తకం ఎప్పుడైనా చూశావా అంటే లేదంది. నాలుగు ఆప్షన్లలో దాన్ని గుర్తుపట్టగలదు కానీ అట్ట రంగేమిటో తెలీదు. సరే, అదే అడుగుదాం అనుకున్నాం.

గుర్రంగూడ మీదుగా సాగర్ రోడ్డెక్కి ఎల్బీనగర్ చేరాం. 2018 సెప్టెంబరులో మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో పూర్తయ్యాక మావైపు వాళ్లకు పాత నగరం దగ్గరైంది. ఎంజీబీఎస్‌లో దిగి అఫ్జల్‌గంజ్ వైపు నడిచాం. ఒకపక్క మూసీ, ముందు ఉస్మానియా ఆసుపత్రికి వచ్చే జనం, పండ్లబండ్లు, ఆటోల అరుపులు. ఆ హోరులోంచి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఆవరణలో కాలుపెట్టగానే పిల్ల ఆగిపోయింది.

"ఇంత పెద్దగుందేంది మామయ్యా! హైకోర్టు అనుకున్న."

హైకోర్టు నది అవతలి ఒడ్డున ఉంది. ఇది 1891లో సయ్యద్ హుసేన్ బిల్గ్రామీ చొరవతో మొదలైన ఆసఫియా గ్రంథాలయం. మొదట ఆబిడ్స్‌లో ఉండేది. ఈ భవనానికి 1932లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ శంకుస్థాపన చేస్తే, 1936లో ఇక్కడికి మారింది. 1955లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైంది. ఉర్దూ, ఫారసీ, అరబ్బీ, తెలుగు, హిందీ, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషు పుస్తకాలు ఒకే కప్పు కింద ఉన్నాయి. ఈ ఊరు ఎన్ని నాలుకలతో మాట్లాడిందో ఆ అల్మారాల వరస చెబుతుంది.

లోపల మందపు గోడలు, ఎత్తయిన కప్పు. బయటి ఎండ ఏమైందో తెలీదు. పుస్తకం పేరు చెప్పాం. కాసేపటికి వచ్చింది. కాలికో బైండింగు, వెన్ను మీద తెల్ల సిరాతో రాసిన అంకె, లోపల ఊదారంగు ముద్ర, చివర తేదీల చీటీ. ఆ చీటీని మా అమ్మాయి వేలితో పైనుంచి కిందికి చదువుకుంటూ పోయింది. తనకన్నా ముందు ఈ పుస్తకాన్ని ఎంతమంది తీసుకున్నారో అందులో ఉంది. ఆ తర్వాత తెరిచి చదవడం మొదలుపెట్టింది.

గంట అనుకున్నది రెండు గంటలైంది. సురవరం ఆ పుస్తకాన్ని 1949లో తెచ్చారు. అందులో రాజుల యుద్ధాలకన్నా జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ దేవతలకు మొక్కారు అన్నదే ఎక్కువ. శాసనాలతో సరిపెట్టుకోకుండా 'క్రీడాభిరామం' వంటి కావ్యాలను గాలించి ఆ సంగతులు పోగుచేశారు. మధ్యలో తలెత్తి, "మామయ్యా, మా నాయనమ్మ చెప్పే ఆటలు ఇందులో ఉన్నయి" అంది. మళ్లీ తల దించేసింది. వెలుతురు కిటికీలోంచి జరిగి ఆమె భుజం మీదికొచ్చింది. ఫోన్‌లో చూపించిన బొమ్మల కన్నా ఆ గది నాకు అప్పుడు అందంగా ఉంది. ఇది మా ఊరి మీద అభిమానంతో అంటున్న మాట కాదు.

పుస్తకం వెన్ను మీది ఆ అంకె గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. కొత్త నగరంలో గ్రంథాలయం చూడాలనుకునేవాళ్లకు అంతకన్నా పనికొచ్చేది లేదు. 1876లో అమెరికాలో మెల్విల్ డ్యూయీ అచ్చువేసిన వర్గీకరణలో 800 సాహిత్యానిది. అందులో 810 నుంచి 880 దాకా ఇంగ్లీషు, జర్మన్, ఫ్రెంచి, ఇటాలియన్, స్పానిష్, లాటిన్, గ్రీకు సర్దుకున్నాయి. మిగిలిన ప్రపంచమంతా 890లో ఇరుక్కుంది. అందుకే మనకు పొడుగాటి తోక. తెలుగు సాహిత్యం 894.827. తమిళం 894.811, మలయాళం 894.812, కన్నడం 894.814. అంత పెద్ద భాషను దశాంశ బిందువు తర్వాత మూడో అంకెలో వెతుక్కోవలసి రావడం నాకు నొప్పిగానే ఉంటుంది. అయినా ఆ అంకె కంఠస్థం చేసుకోండి. డ్యూయీ పద్ధతి పాటించే గ్రంథాలయం ఏ దేశంలో ఉన్నా, అక్కడ ఒక్క తెలుగు సాహిత్య పుస్తకమున్నా, దాని దగ్గరికి ఆ అంకె తీసుకుపోతుంది. చెన్నైకి పోయేవాళ్లకు ఇంకో మాట. 1896లో తెరిచిన ఎగ్మోర్ కన్నెమరా గ్రంథాలయానికి, 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ఒక ప్రతి చేరాలి. చీరలు కొనుక్కోవడానికి చెన్నై పోయినప్పుడు ఒక పూట అక్కడ తెలుగు పుస్తకం అడిగి చూడండి.

ఎంజీబీఎస్‌కు తిరిగొచ్చి, ఆకుపచ్చ లైనులో చిక్కడపల్లి పోయాం. నగర కేంద్ర గ్రంథాలయం భవనాన్ని అందమైనదని ఎవరూ అనరు. ఆవరణలో చెట్ల కింద, గోడల వెంబడి, కుర్చీ దొరికినచోట కుర్చీలో, దొరకనిచోట నేలమీద, ఎక్కడ చూసినా చదువుకునే పిల్లలు. పక్కన టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా. లేచి పోయేటప్పుడు సీటు మీద నోటుబుక్కు పెట్టి పోతారు, దాన్ని ఎవరూ కదిలించరు. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి గల్లీల్లో నెలకింతని డబ్బు తీసుకునే ఏసీ రీడింగ్ రూములున్నాయి. ఆ డబ్బు లేనివాళ్లకు చిక్కడపల్లి దిక్కు.

గ్రంథాలయాలు పరీక్షల హాళ్లయిపోయాయని నా వయసువాళ్లు బాధపడుతుంటారు. ఆ బాధ నాకు లేదు. ఊరినుంచి వచ్చిన పిల్లకు నిశ్శబ్దంగా కూర్చునే చోటు ఇవ్వడం చిన్న పని కాదు. నా బాధ వేరే. సొంత గైడు తెచ్చుకుని చదువుకుని పోయే పిల్లలు పక్క గదిలోని అల్మారా వైపు చూడరు. ఆ అల్మారాకూ ఈ కుర్చీకీ మధ్య పది అడుగులుంటాయి. ఆ పది అడుగులు నడిపించే పెద్దవాళ్లం మనం ఎక్కడున్నాం? మీ ఇంటిపన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. పన్నులో రూపాయికి ఎనిమిది పైసల లెక్కన గ్రంథాలయ సెస్సు ఉంటుంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం పెట్టిన ఏర్పాటు అది. ఏటా డబ్బు కడుతున్నాం. కట్టినవాళ్లం ఏడాదికొకసారైనా పోయి ఒక పుస్తకం అడిగితే, ఆ పుస్తకాలకు దుమ్ము పట్టదు.

సాయంత్రం సుల్తాన్ బజార్‌లో దిగాం. చీరల షాపులు, గాజుల బండ్లు, శనివారం తొక్కిసలాట. ఆ సందడి మధ్యనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. దీన్ని చూపించడానికి మా అమ్మాయిని తీసుకొచ్చాను, కారణముంది. 1901 సెప్టెంబరు 1న రెసిడెన్సీ బజార్‌లో రావిచెట్టు రంగారావు గారింట్లో ఇది మొదలైంది. మొదలుపెట్టినవాళ్లలో మునగాల రాజా నాయని వెంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు ఉన్నారు.

"మా మునగాలనా?" అంది.

"మీ మునగాలే."

ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో తెలుగు చదువుకోవడానికి చోటు లేనప్పుడు, వాళ్లు ముందు చేసింది పుస్తకాలు పెట్టుకోవడానికి ఒక గది వెతుక్కోవడం. 1906లో కొమర్రాజు ఈ నగరంలోనే విజ్ఞానచంద్రికా గ్రంథమాల మొదలుపెట్టి చరిత్ర, శాస్త్రం తెలుగులో అచ్చువేయించారు. రావిచెట్టు రంగారావు పోయాక ఆయన భార్య లక్ష్మీనరసమ్మ ఇచ్చిన విరాళం నిలయం సొంత భవనానికి ఆసరా అయింది. 1921లో దగ్గరలోనే వివేకవర్ధని థియేటర్‌లో జరిగిన సభలో వకీలు అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రే తెలుగువాళ్లు కొందరు కలిసి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు వంటివాళ్లు ఈ నిలయాన్ని కంటికి రెప్పలా చూసుకున్నారు. మేం పోయేసరికి ఒక ముసలాయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, పత్రికను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చదువుతున్నారు. మా అమ్మాయి గొంతు తగ్గించుకుని, అల్మారాల ముందు ఒక్కొక్క పేరూ చదువుకుంటూ నడిచింది.

మరునాడు ఆదివారం. ఆబిడ్స్‌లో షాపులు మూసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ అంతా పాత పుస్తకాలే. నేల మీద పరదా పరిచి గుట్టలుగా పోస్తారు. అక్కడ చూసే తీరు వేరు. నిలబడి చూస్తే ఏమీ కనిపించదు, గొంతుక్కూర్చోవాలి. పుస్తకం ఎత్తి ముందు వెన్ను చూడాలి, తర్వాత మధ్య కుట్టు ఊడిందేమో చూడాలి, చివరి పేజీలు లెక్కచూసుకోవాలి. ధర అడగడం ఆఖరున. ఎండ ముదిరే లోపల పోవాలి.

సురవరం పుస్తకం అక్కడ దొరకలేదు. ఒక పాత నవల చూశాం. ఎక్కడో మూతబడిన అద్దె లైబ్రరీ ముద్ర, దాని కింద నీలిసిరాతో, పెళ్లయి పోతున్న చెల్లికి అన్న ఇచ్చిన కానుక అని రాసి ఉంది. ఒక ఇంట్లో కానుకగా చేరక ముందే అది ఎందరి ఇళ్లకో అద్దెకు పోయొచ్చిందన్నమాట. ముప్పై రూపాయలకు ఇచ్చాడు.

"సురవరం గారు ఇక్కడే, నడిచిపోయేంత దూరంలో రెడ్డి హాస్టల్ చూసుకునేవారు. అక్కడ గ్రంథాలయం పెంచింది ఆయనే. 1926 నుంచి గోలకొండ పత్రిక నడిపింది కూడా ఈ ఊళ్లోనే" అని చెప్పాను. అమ్మాయి ఆ వైపు తిరిగి చూసింది. బిట్టుగా ఉన్న మనిషి ఆమెకు ఈ వీధుల్లో నడిచిన మనిషయ్యాడు.

కాచిగూడ చౌరస్తాలో, ఆర్యసమాజ్ మందిరం ఎదుట నవోదయ బుక్ హౌస్‌కు పోయాం. తెలుగు పుస్తకం కొనాలంటే నా కాళ్లు ముందు అటే పోతాయి. నేల నుంచి కప్పుదాకా తెలుగే. 894.827 అని ఇక్కడ వెతుక్కోనక్కర్లేదు, ఎటు చెయ్యి చాపినా అదే. పేరు చెప్పగానే పుస్తకం తీసిచ్చారు. మా అమ్మాయి తను దాచుకున్న డబ్బులోంచి తనే కట్టింది, నన్ను కట్టనివ్వలేదు.

సుల్తాన్ బజార్ స్టేషన్‌లో రైలు కోసం నిలబడ్డప్పుడు పెన్ను అడిగింది. పుస్తకం మోకాలి మీద పెట్టుకుని మొదటి ఖాళీ పేజీలో పేరు రాసింది, తేదీ వేసింది. ఊరి దగ్గర ఆగింది. మునగాల అని రాస్తుందనుకున్నాను. 'కాచిగూడ' అని రాసి, సిరా ఆరేదాకా పేజీ తెరిచే పట్టుకుంది.

"కొన్న చోటు రాయాల గద మామయ్యా. రేపు ఇది ఎవరి చేతుల పడ్తదో."