ఆరంగుళాల పైపు, అరంగుళం జాలీ

హబ్సిగూడలో ఒకవైపు సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ ప్రాంగణాలు, కాస్త దూరంలో ఉస్మానియా చెట్లు. గోరువంకలకు, ఉడుతలకు కొదవ లేదు. గోరువంక తొర్ర తొలుచుకోలేదు, దొరికినదాంట్లోనే గూడు పెడుతుంది. వంటింటి చిమ్నీ నుంచి గోడ బయటికొచ్చిన ఆరంగుళాల పైపు దానికి అచ్చం తొర్రే. లోపల చీకటి, వాన పడదు, పిల్లి అందుకోలేదు.

చిక్కంతా గోడ దాటి లోపలికొచ్చాకే. ముడతల అల్యూమినియం పైపు అక్కడ వంపు తిరిగి మోటారు మీదికి దిగుతుంది. అందులో జారిన పిట్టకు జిడ్డు మీద గోరు నిలవదు, రెక్క విప్పే చోటుండదు. ఉత్తర అమెరికాలో చిమ్నీ స్విఫ్ట్ అనే పక్షి గరుకు ఇటుకను గోళ్లతో పట్టుకుని పొగగొట్టంలోనే పిల్లల్ని పెంచుతుంది. మన పైపులో ఆ పట్టు ఎక్కడిది?

కాబట్టి పనితనమంతా బయటి మూతిలో ఉండాలి. బజారులో దొరికే కవరుకు పల్చని పలకలుంటాయి. పైఅంచున కీలు, ఫ్యాను గాలికి లేస్తాయి, ఆపగానే వాలిపోతాయి. వానకు అది చాలు. పిట్ట మాత్రం ముక్కుతో ఎత్తి దూరిపోతుంది. అందుకే జాలీ కావాలి. ఎక్కడ బిగించాలన్నదే అసలు ప్రశ్న. పలకల వెనక పెడితే ఆ సందులోనే గడ్డి చేరుతుంది. ముందు ఆనించి పెడితే పలకలు తెరుచుకోవు. వెల్డింగ్ చేసేవారిలో నేర్పరి జాలీని బల్లపరుపుగా బిగించడు. ఎనిమిదంగుళాల చదరపు పెట్టెలా మడిచి, పలకలు పూర్తిగా లేచేంత ఎడం ఇస్తాడు. ఈ మడతలో ఇంకో తెలివి ఉంది. తీగలు గాలిదారిలో కొంత మింగేస్తాయి. పైపు మూతి వైశాల్యం దాదాపు 28 చదరపు అంగుళాలైతే, పెట్టె ముందు ముఖమే 64. పొగకు నష్టం లేదు.

కన్ను అరంగుళం ఉంటే పిచ్చుక కూడా దూరదు. ఇంకా సన్నని దోమల జాలీ కడితే తాలింపు జిడ్డుకు మూసుకుపోతుంది, పొగ వంటింట్లోకే తన్నుతుంది, విసిగి ఇంటివాళ్లే దాన్ని పీకేస్తారు. కోసిన తీగ కొసలను లోపలికి మడవాలి, లేకపోతే వాలిన పిట్ట కాలు చీరుకుపోతుంది. పైపు చుట్టూ సందును ఫోముతో నింపితే ఉడుత కొరికేస్తుంది, సిమెంటే పూయాలి. పైపు బయటికి కాస్త వాలితే వాననీరూ జిడ్డూ వెనక్కి రావు. జాలీకి చేత్తో తిప్పే నట్లు పెట్టాలి, కడగడానికి విప్పాలి కదా.

బిగించే ముందు చేసే పరీక్ష నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. చిమ్నీ ఆపేసి, నలిపిన కాగితం ఉండను మూతిలో వదులుగా ఆనించి చూడాలి. కాగితం కదిలినా, లోపల కిచకిచలు వినిపించినా ఉండ తీసేసి ఆగాలి. గుడ్లు పొదగడానికి గోరువంకకు 17, 18 రోజులు, పిల్లలు ఎగరడానికి మరో మూడు నాలుగు వారాలు పడుతుంది. అందాకా వంటింటి కిటికీతో గడుపుకోవాలి. చివరి పిల్ల ఎగిరాక గడ్డి తీసి, మళ్లీ కాగితం పెట్టి, అది కదలలేదని తేలాకే నట్లు బిగిస్తారు.