బిలియర్డ్స్ క్యూ ఒక పాఠ్యంగా: సేకరణ, కాలనిర్ణయం - ఒక పరిశీలన

తాళపత్ర ప్రతిని పరిష్కరించే పండితుడు చివరి గద్యను మాత్రమే నమ్మి కావ్యకాలాన్ని నిర్ణయించడు. లిపిని, పాఠాంతరాలను, ప్రక్షిప్తాలను సరిచూస్తాడు. పాత వస్తువుల విషయంలో ఈ జాగ్రత్త తరచుగా లోపిస్తున్నది. యజమాని చెప్పిన కథే వస్తుచరిత్రగా చలామణి అవుతున్నది. బిలియర్డ్స్ ఆటలో బంతిని కొట్టే కర్ర అయిన క్యూ ఇందుకు మంచి ఉదాహరణ.

పాత ఇంగ్లీషు క్యూలలో ముందుభాగం ఎక్కువగా ఆష్ కలపతోనూ, పిడి తరచుగా ఎబొనీ వంటి గట్టి కలపతోనూ ఉంటాయి. చేతితో వేసిన అతుకు కొసలు గుండ్రంగా వంపు తిరుగుతాయి. యంత్రంతో కోసిన అతుకు కొసలు మొనదేలి ఉంటాయి. పిడిమీది బిళ్ల మరొక సాక్ష్యం. టామ్ రీస్ 1907లో ఒకే విడతలో 4,99,135 పాయింట్లు సాధించాడు. ఆయన పేరు, ఆ అంకె ఉన్న బిళ్ల 1907కు ముందుది కాజాలదు. ఇది కావ్యంలో కృతిభర్త ప్రస్తావన వంటిది: పూర్వావధిని చెబుతుంది గాని, తయారైన సంవత్సరాన్ని చెప్పదు. బిళ్లను తరువాత అతికించి ఉంటే అది ప్రక్షిప్తమే. కొన తోలును మార్చడం ఆటగాళ్లకు మామూలు కనుక, దానినిబట్టి కర్ర వయస్సును లెక్కించరాదు.

1884లో నిర్మాణం మొదలైన హైదరాబాదు ఫలక్‌నుమా ప్యాలెస్‌లోని బిలియర్డ్స్ బల్లకు జంట బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో ఉందని విరివిగా చెబుతారు. ఆ మాట వస్తువుకు ప్రతిష్ఠను తెస్తుంది. చరిత్ర కావాలంటే తయారీదారు పద్దులు, ప్యాలెస్ ఖర్చు లెక్కలు ఒకదానితో ఒకటి పొసగాలి.

ఈ పద్ధతి చిత్తూరు పడమటి ప్రాంతానికి మరింత అవసరం. పుంగనూరు ఒక జమీందారీ. కుప్పం కంగుంది జమీందారీకి కేంద్రం. మదనపల్లె కంపెనీ, బ్రిటిషు పాలనల రెవెన్యూ కేంద్రాలలో ఒకటి. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం భూమిని లెక్కించింది. దివాణాల్లోని కుర్చీలను, అద్దాలను, ఆటసామగ్రిని లెక్కించలేదు. 1972 నాటి పురావస్తు చట్టం సాధారణంగా నూరేళ్ల వయస్సును ప్రమాణంగా తీసుకుంటుంది. ఆ వస్తువు ఎవరి చేతుల్లో తిరిగిందన్నది పరిశోధకుడే తేల్చాలి.

కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయం వంటి చోట తెలుగు పరిశోధకులు ప్రతుల వివరణపట్టికల పద్ధతిలోనే వస్తువుల పట్టికలనూ తయారుచేయవచ్చు. కొలత, కలప, అతుకు, బిళ్ల, దొరికిన చోటు, చెప్పినవారి మాట - వీటిని వేర్వేరుగా నమోదు చేయాలి. మెరుగు పెట్టించడం ఆ తరువాతి పని. పాత మైనపు పూతతోపాటు చేతి గుర్తులు, చెరిగిన అక్షరాలు కూడా పోతాయి. అలా పోయిన సాక్ష్యాన్ని ఏ పరిష్కర్తా తిరిగి చదవలేడు.