మారనిదేదో ముందు చూడు

ఎనిమిదో తరగతిలో ‘ఏకచరరాశిలో రేఖీయ సమీకరణాలు’ పాఠం మొదలయ్యేసరికే మా జమ్మలమడుగు పిల్లలకు ఒక మంత్రం నోటికి వచ్చేసి ఉంటుంది: అటు పోతే గుర్తు మారుతుంది. ఎందుకు మారుతుందమ్మా అంటే తల వంచుకుంటారు. పక్షాంతరం అని దానికి పెద్ద పేరే ఉంది గానీ, నిజానికి అక్కడ ఏదీ ఎక్కడికీ పోదు. ఎక్స్ + 7 = 12 అన్నప్పుడు రెండు పక్కల నుంచీ 7 తీసేస్తున్నాం. ఎడమ పక్క ఎక్స్ ఒక్కటే మిగిలింది, కుడి పక్క 5 మిగిలింది. 1557లో సమాన గుర్తును మొదట అచ్చులో వాడిన రాబర్ట్ రికార్డ్ రెండు సమాంతర గీతలే ఎందుకు గీశాడంటే, వాటికన్నా సమానమైన జంట మరొకటి ఉండదని. ఆ గీతలకు అటూ ఇటూ ఉన్నది ఒకే విలువ అన్న నమ్మకం పిల్లలకు కుదిరితే మంత్రంతో పని లేదు.

నాకు అంతకన్నా పెద్ద బెంగ ఇంకొకటి. సమీకరణం రాసిస్తే చకచకా సాధించే పిల్లలు మాటల లెక్క ఇస్తే ‘ఎక్స్ అనుకొనుము’ దగ్గరే ఆగిపోతారు. అక్కడ వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ లెక్కలో ఇంత జరిగినా మారనిది ఏది? దాన్ని రెండు రకాలుగా చెప్పగలిగితే సమీకరణం చేతికొచ్చినట్టే.

పులివెందుల నుంచి మా మేనకోడలు సెలవులకు వచ్చింది. వాళ్లది చీనీ తోట, అందుకే ఆ లెక్కే ఇచ్చాను. ‘‘టన్నుకు 100 కిలోలు సూటు తీసేసి, టన్ను 20,000 లెక్కన కట్టి, కోత కూలి 9,000 పట్టుకొని, మీ నాయన చేతికి 1,71,000 ఇచ్చారనుకో. తోటలో కాయ ఎంత దిగినట్టు?’’ కాగితం కూడా అడగలేదు. కూలి కలిపితే 1,80,000. రేటుతో భాగిస్తే 9 టన్నులు. సూటు పోగా 9 అంటే దిగింది 10. వెనక నుంచి ఒక్కో ముడీ విప్పుకుంటూ పోయింది. రైతు ఇళ్లలో పిల్లలకు ఇది పుట్టుకతో వచ్చే విద్య.

అయితే ఎక్స్ రెండు పక్కలా ఉంటే ఈ విప్పడం సాగదు. ఎక్కువ మంది పిల్లలు చతికిలబడేది అక్కడే. అందుకని ఆ పిల్లను ప్రొద్దుటూరు తీసుకెళ్లి, బంగారు అంగళ్ల వీధిలో నాకు తెలిసిన ఒక ఆచారి ముందు కూర్చోబెట్టాను. 20 గ్రాముల పాత నగ 18 క్యారెట్లది. దాన్ని 24 క్యారెట్ల మేలిమితో కలిపి 22 క్యారెట్లు చేయాలి. మేలిమి ఎంత వేయాలి?

ఆయన నగ మీంచి చూపు తిప్పకుండానే చెప్పాడు: ‘‘గ్రాముకు 4 తక్కువుండాది పాపా. 20 గ్రాములకు 80 తక్కువ. మేలిమి గ్రాముకు 2 ఎక్కువ తెస్తాది. 40 గ్రాములు ఏస్తే సరి.’’

ఇంటికొచ్చి రాశాం. కరిగించేటప్పుడు పోయే తరుగును పక్కన పెడితే, ఇక్కడ మారనిది అసలు బంగారం. రెండూ కలిపితే ముద్ద బరువు పెరిగింది, రంగు మారింది, మూసలో పోసిన పసిడి మాత్రం అంతే ఉంది. బరువును క్యారెట్లతో గుణించి దాన్ని కొలుద్దాం. కలపక ముందు 20 × 18, దానికి తోడు 24 ఎక్స్. కలిపాక (20 + ఎక్స్) × 22. అంటే 360 + 24 ఎక్స్ = 440 + 22 ఎక్స్. రెండు పక్కలా 22 ఎక్స్ తీసి, 360 తీస్తే, 2 ఎక్స్ = 80. ఆచారి నోట వచ్చిన 80, ఆ 2 ఇవే. ఆయన అడ్డదారిలో పోలేదు, ఈ వరుస మీదే నడిచాడు.

ఆర్యభటుడు 499 ప్రాంతంలో సరిగ్గా ఈ రకానికే సూత్రం చెప్పాడు: ఇద్దరి ఆస్తీ సమానం, ఒక్కొక్కరి దగ్గర కొన్ని వస్తువులూ కొంత సొమ్మూ ఉంటే, సొమ్ముల తేడాను వస్తువుల తేడాతో భాగించు. 440లో 360 పోగా 80, 24లో 22 పోగా 2. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు, 1150లో భాస్కరుడు లీలావతిలో బంగారం కలిపే లెక్కలు ప్రత్యేకంగా చెప్పారు. అప్పటి కొలత వన్నెల్లో, ఇప్పుడు క్యారెట్లలో. ఆ మహావీరుడి గ్రంథాన్నే పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. మన పిల్లలకు ఈ పేర్లు తెలుగు పాఠంలోనో చరిత్ర పాఠంలోనో తగులుతాయి. లెక్కల గదిలోనూ వినబడాలని నా కోరిక.

మర్నాడు మేనకోడలు తనంతట తానే లెక్క మార్చింది. మేలిమి దొరకలేదు, ఉన్నది 20 క్యారెట్లదే, దాంతో 22 చేయాలి. 360 + 20 ఎక్స్ = 440 + 22 ఎక్స్. జవాబు మైనస్ 40. ‘‘తప్పొచ్చింది మామా’’ అని కొట్టేయబోతుంటే చెయ్యి పట్టుకొని సరిచూడమన్నాను. ఎడమ పక్క మైనస్ 440, కుడి పక్కా మైనస్ 440. సాధన ఒప్పే. కాసేపు పెన్ను కొస కొరుకుతూ కూర్చుంది. ‘‘రెండూ 22కు తక్కువవే గదా మామా, ఎంత కలిపితే మాత్రం 22 యాడొస్తాది?’’ అని, 22 కొట్టేసి 19 వేసుకుంది. ఈసారి 20 గ్రాములు వచ్చింది.