ముఖంపై లిపి: షిరీన్ నెషాత్ చిత్తరువులు

ఒక ముఖాన్ని చిత్తరువుగా మలచిన కళాకారుడు, ఆ ముఖాన్ని ఎవరి ఎదుట నిలుపుతున్నాడన్న ప్రశ్నకు కూడా జవాబు చెప్పవలసి ఉంటుంది. స్వదేశాన్ని వీడి పరదేశంలో స్థిరపడిన వారి విషయంలో ఈ ప్రశ్న మరింత జటిలమవుతుంది. షిరీన్ నెషాత్ కృతులే ఇందుకు నిదర్శనం.

1957లో ఇరాన్‌లోని కజ్వీన్ నగరంలో జన్మించిన నెషాత్ పదిహేడేళ్ళ ప్రాయంలో చదువు నిమిత్తం అమెరికా వెళ్ళారు. 1979 నాటి విప్లవం ఆమె అక్కడ ఉండగానే సంభవించింది. 1990లో తిరిగి ఇరాన్‌లో అడుగు పెట్టినప్పుడు ఆమె ఎరిగిన దేశం కానరాలేదు. ఆ అనుభవం నుండి 1993-97 మధ్య 'విమెన్ ఆఫ్ అల్లాహ్' అనే ఛాయాచిత్ర పరంపర వెలువడింది. అందులో నల్లని చాదర్ ధరించిన స్త్రీ ఉంటుంది. తరచుగా ఆమె నెషాతే. పలు చిత్రాలలో తుపాకి కనిపిస్తుంది. ముఖంపై, చేతులపై, పాదాలపై సిరాతో లిఖించిన ఫార్సీ పంక్తులు ఉంటాయి.

ఇవి ఖుర్‌ఆన్ ఆయతులు కావు, ఆధునిక కవితలు. కాని ఆ లిపిని చూసినంతనే ధర్మగ్రంథమని భ్రమపడే ప్రేక్షకులు పాశ్చాత్య దేశాలలో లేకపోలేదు. ఖుర్‌ఆన్ పఠనం కోసం అరబీ అక్షరాలు నేర్చిన తెలుగు ముస్లిం సైతం వాటిని కూడబలుక్కోగలడే గాని, ఫార్సీ రానిదే భావాన్ని గ్రహించలేడు.

భావం తెలిస్తే చిత్రమే మారిపోతుంది. ఆ కవితలు ప్రధానంగా ఇద్దరు స్త్రీలవి. 1967లో మరణించిన ఫొరూగ్ ఫర్రోఖ్‌జాద్ స్త్రీ అంతరంగాన్ని, కోరికలను నిస్సంకోచంగా పలికారు. తాహిరా సఫ్ఫార్‌జాదా విశ్వాసాన్ని, విప్లవాన్ని కీర్తించారు. 2001లో ఆమె ఖుర్‌ఆన్ అనువాదం ఫార్సీ, ఇంగ్లీషు భాషలలో వెలువడింది. ఇంతటి భిన్నమైన గొంతులకు ఒకే పరంపరలో చోటివ్వడం నెషాత్ సాధించిన విజయం. ముస్లిం స్త్రీలందరూ ఒకే మూసలో పోసిన బొమ్మలు కారనడానికి ఇది బలమైన సాక్ష్యం.

అయితే ఆ సాక్ష్యం చదువరికే పరిమితం. 1994 నాటి 'రెబెల్లియస్ సైలెన్స్'లో తుపాకి గొట్టం ముఖాన్ని నిలువునా రెండుగా చీలుస్తుంది. ఫార్సీ రాని వారికి అక్కడ లిపి అలంకారంగా మిగులుతుంది, తుపాకి ఒక్కటే మాట్లాడుతుంది. ముస్లిం స్త్రీ అంటే పరదా, ఆయుధం అని ముందే నిశ్చయించుకున్న కంటికి ఆ చిత్రం ఆ నిశ్చయాన్నే దృఢపరచే ప్రమాదం ఉన్నది. పైగా విప్లవాన్ని, 1980-88 యుద్ధాన్ని స్వయంగా అనుభవించిన స్త్రీల స్థానంలో దూరదేశాన ఉన్న కళాకారిణి ముఖం నిలిచింది.

2012లో 'ది బుక్ ఆఫ్ కింగ్స్' ఈ లోపాన్ని కొంత సవరించింది. ఫిర్దౌసీ 'షాహ్‌నామా' పేరును గ్రహించిన ఈ పరంపరకు 2009 ఇరాన్ నిరసనలు, 2011 అరబ్బు ప్రజా ఉద్యమాలు నేపథ్యం. ఇరాన్, అరబ్ యువతీ యువకులు అనేకులు ఇందులో కనిపిస్తారు. కొందరి చెయ్యి గుండెపై ఉంటుంది. లోగడ ఒక్క ముఖం మోసిన భారాన్ని ఇక్కడ పలు ముఖాలు పంచుకున్నాయి.

లిపి సమస్య మాత్రం తీరలేదు. చిత్తరువు పక్కన కవిత అనువాదాన్ని ఉంచడం అదనపు అలంకారం కాదు, అది ప్రదర్శకుల కనీస బాధ్యత. అనువాదం లేని చోట ఆ ఇద్దరు కవయిత్రులు ఉండీ లేనివారే అవుతారు.