మూడు నిమిషాల్లో తాతయ్య

ఆదివారం పొద్దున ఆబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దించే ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు. నాంపల్లి స్టేషన్ దగ్గరి మా ఇంటి నుంచి నడిచి వెళ్ళిపోవచ్చు. చిన్నప్పటి నుంచీ నాకు ఆదివారమంటే అదే. మొన్న ఇంజనీరింగ్ గైడ్ల దొంతర పక్కన గోనెసంచిలో నల్లటి గ్రామఫోను ప్లేట్లు కనిపించాయి. ఒక్కొక్కటే తీసి ఎండకు పట్టి చూస్తుంటే నాలుగోదాని మీద తెలుగక్షరాలు. తిరుపతి వెంకటకవుల పాండవోద్యోగంలోని రాయబారం పద్యాలు. కింద గాయకుడి పేరు. అంతే.

మా ఇంట్లో ఎప్పుడూ ఒక మాట వినిపించేది: తాతయ్య 'ప్లేటు కోసం మద్రాసు వెళ్ళొచ్చారు' అని. అమ్మ వాళ్ళ నాన్న ఆయన, తెనాలి ప్రాంతపు నాటక సమాజాల్లో హార్మోనిస్టు. ఏ ప్లేటు, ఏ సంవత్సరం అని ఆయన ఉండగా ఎవరమూ అడగలేదు. ఆయన పోయాక కాళ్ళ హార్మోనియం వెనకగదిలో పాత దుప్పటి కింద ఉండిపోయింది.

పద్యనాటకం చూసినవాళ్ళకు హార్మోనిస్టు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. చూడనివాళ్ళ కోసం కాస్త చెప్తాను. స్టేజీకి ఒక పక్క కూర్చుని, కాళ్ళతో తిత్తి తొక్కుతూ, రెండు చేతులూ మెట్ల మీద ఉంచి, కళ్ళు మాత్రం నటుడి గొంతు దగ్గర పెట్టుకునే మనిషి ఆయన. శ్రుతి ఇచ్చేదీ, రాగం ఎత్తి చూపేదీ ఆయనే. ఆ రాత్రి నటుడికి గొంతు బాగాలేకపోతే అరమెట్టు దించి కాపాడేదీ ఆయనే. చాలా సమాజాల్లో కుర్రవాళ్ళకు పద్యం నేర్పే గురువు కూడా ఆయనే. అన్నిటికన్నా కష్టమైన పని, నటుడు ఊపిరి తీసుకునే ఆ రెప్పపాటును పూరించడం. ఎక్కువ వాయిస్తే పద్యం విరుగుతుంది, తక్కువైతే సభ చల్లబడుతుంది. పబ్లిక్ గార్డెన్స్ లలితకళాతోరణంలో సురభి వాళ్ళ నాటకాలకు వెళ్ళినప్పుడల్లా అమ్మ కూర్చునేది హార్మోనియం కనిపించే వైపే. మాయాబజారు సెట్టింగులు చూసి మేం కేకలేస్తుంటే ఆవిడ చూపు అక్కడే ఉండేది.

స్టేజీ మీద ఒక పద్యం, దాని వెనక రాగం, మధ్యలో 'వన్స్ మోర్'లూ కలిస్తే పది నిమిషాలైనా పట్టవచ్చు. ప్లేటుకు అంత చోటు లేదు. లక్కతో చేసిన పది అంగుళాల బిళ్ళ, నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది. ఒక పక్కన పట్టేది మూడు నిమిషాలు, మహా అయితే ఇంకొంచెం. రాగం తరిగిపోతుంది. అందరికన్నా ముందు తరిగేది హార్మోనిస్టు వంతు. తాతయ్య లాంటివాళ్ళకు మిగిలింది ఆ ఊపిరి సందులే.

తెలిసినవాళ్ళింట్లో పెట్టె గ్రామఫోను ఉంటే అడిగి తెచ్చాను. కీ ఇచ్చి, కొత్త ముల్లు బిగించి, ప్లేటు మీద ఆనించాను. ముందు నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు చప్పుడు, దాని వెనక నుంచి గొంతు. అమ్మ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. మొదటి పాదం అయింది. గాయకుడు పై షడ్జం మీద నిలిచి వదిలాడు. హార్మోనియం దిగబోయే లోపలే అమ్మ కుడిచేతి వేళ్ళు కుర్చీ చెయ్యి మీద కదిలాయి. వేళ్ళు ముందు, నాదం తర్వాత.

"ఒరేయ్, ఇది మా నాన్న."

"పేరు లేదు కదమ్మా?"

"పేరెందుకురా? ఆ దిగడం విను. పంచమం మీద ఆగాల్సింది, ఆగకుండా మధ్యమం దాకా వెళ్ళి వచ్చాడు చూడు. నన్ను నిద్రపుచ్చేటప్పుడు వీపు మీద వాయించేవాడు."

ముల్లు మార్చి అయిదుసార్లు విన్నాం. ప్రతిసారీ ఆవిడ వేళ్ళే ముందు.

1902లో కలకత్తాలో ప్లేటు కోసం పాడిన గాయని గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే చెప్పుకుంది. ప్లేట్లు అచ్చుపోసేది జర్మనీలో, అక్కడివాళ్ళకు ఎవరి పాటో తెలియాలి కదా. గాయకులకు ఆ వీలుండేది. పక్కవాద్యానికి నోరు లేదు. హార్మోనియానికైతే రేడియోలోనూ చోటు లేకపోయింది. మెట్ల వాద్యం మీద గమకం పలకదని 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. ఆ పట్టు 1971 దాకా సడలలేదు. తాతయ్య చేతులు బాగా ఆడిన కాలమంతా అందులోనే గడిచిపోయింది. ఆయన నాదం ఎక్కడైనా మిగిలిందంటే ఇలాంటి బిళ్ళల మీదే.

పేర్లు ఇలా మరుగున పడటం మన దగ్గరే కాదు. జమైకా సంగతి చదివినప్పుడు నాకు గుండె పట్టేసింది. 1950ల కింగ్‌స్టన్‌లో వీధి నాట్యాలకు పెద్ద పెద్ద స్పీకర్లతో పాటలు వేసే యజమానులు, ఎదుటివాళ్ళకు పాట ఆనవాలు తెలియకూడదని లేబుల్ గీకేసేవారు. విల్లిస్ జాక్సన్ శాక్సఫోన్ పాటను ఆ యజమానుల్లో ఒకడైన కాక్సన్ డాడ్ తన పేరే పెట్టి చాలాకాలం వేశాడు. తర్వాత అక్కడ సొంత రికార్డులు మొదలయ్యాయి. అక్కడి ఆల్ఫా బాయ్స్ స్కూల్లో బాకాలు నేర్చుకుని ఆ రికార్డుల్లో ఊదిన కుర్రాళ్ళలో డాన్ డ్రమ్మండ్ లాంటి కొందరి పేర్లు నిలిచాయి. ఎన్నో లేబుళ్ళ మీద మాత్రం గాయకుడి పేరు ఒక్కటే. పేరు దక్కనివాళ్ళ మనవళ్ళు కూడా మా అమ్మలాగే చెవితో వెతుక్కోవాలి.

మా ప్లేటు మీది గాయకుడి పేరు ఇక్కడ రాయడం లేదు. అమ్మ చెవి నాకు చాలు గానీ, రాతలో ఆధారం దొరక్కుండా అంత పెద్దాయన పక్కన తాతయ్యను కూర్చోబెట్టడం సబబు కాదు. లేబుల్ అంచున, గీతలు ఆగిపోయిన నున్నటి చోట, వేలితో తడిమితే తగిలే సన్నటి అంకెలున్నాయి. రికార్డింగు నంబరు అది. భూతద్దం పెట్టి ఎత్తి రాసుకున్నాను. పాత ప్లేట్లు పోగుచేసేవాళ్ళు ఆ అంకెలను వరసగా పేర్చి, ఏ రోజుల్లో ఎవరెవరివి రికార్డు చేశారో రాబడతారు. ఇప్పుడు వాళ్ళను వెతుకుతున్నాను.

వచ్చే ఆదివారానికి అమ్మ ఒక చీటీ రాసిచ్చింది. మద్రాసు ప్రయాణానికి ముందు తాతయ్య ఇంట్లో పదే పదే సాధన చేసిన పద్యాలట. అయిదు ఎత్తుగడలు, వంకర అక్షరాల్లో. మొదటిదాని పక్కన టిక్కు పెట్టింది.