మందలో చూసింది రాసి పంపండి

పశువైద్యుల సంఘం పత్రిక చేతికి రాగానే ముందుగా ఎవరు ఎక్కడికి బదిలీ అయ్యారో చూస్తాం. ఆ తర్వాత పదోన్నతుల జాబితా, పీఆర్సీ మీద ఇచ్చిన వినతిపత్రం, పదవీ విరమణ సన్మానాల ఫొటోలు, చివరి పేజీలో కన్నుమూసిన సహచరుడికి నివాళి. వీటిని తక్కువ చేసి మాట్లాడను. మండలం మొత్తానికి ఉన్న ఒక్క డాక్టరూ బదిలీ అయిపోయి ఆ కుర్చీ నెలల తరబడి ఖాళీగా ఉంటే, కష్టమంతా పాడి రైతుదే. అలాంటివాటి గురించి సంఘం అడగకపోతే ఇంకెవరు అడుగుతారు? నా బాధ వేరు. పత్రికను ఆసాంతం తిరగేసినా గొడ్డూ గోదా ఎక్కడా కనిపించవు.

గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటి రెండు స్థానాలూ మన రాష్ట్రాలవే. 2019 పశుగణనలో తెలంగాణలో సుమారు 190 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 176 లక్షలు తేలాయి. ఇక ఆవులు, గేదెలు, మేకలు, కోళ్ల ఫారాలు ఉండనే ఉన్నాయి. ఇన్ని జీవాలను రోజూ తడిమి చూసేది మన సభ్యులే. వాళ్లు చూసినదాంట్లో కాగితం మీదికి వస్తున్నది చాలా తక్కువ.

అది రావాలంటే సంఘం అంటే ఏమిటో ముందు తెలియాలి. చాలామంది పశువైద్య మండలినీ, సంఘాన్నీ ఒకటే అనుకుంటారు. మండలి 1984 నాటి చట్టం కింద ఏర్పడింది. దాని రిజిస్టరులో పేరు లేనివారు పశువైద్యం చేయకూడదు. దారి తప్పిన డాక్టరుపై చర్య తీసుకునే అధికారమూ దానిదే. సంఘంలో చేరమని మాత్రం ఏ చట్టమూ చెప్పదు. ఇష్టపడి చేరతాం, ఇష్టం లేకపోతే మానేస్తాం. కాబట్టి సభ్యులు తమంతట తాము ఇచ్చేదే దానికి బలం. యావజ్జీవ సభ్యత్వ రుసుము ఒక్కసారి కట్టేస్తే బాధ్యత తీరిపోయిందనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. డబ్బుతో జిల్లా కేంద్రంలో భవనం కట్టొచ్చు, క్యాలెండరు అచ్చు వేయొచ్చు. సంఘానికి నిజంగా కావలసింది మాత్రం సభ్యుడు చూసిన కేసు.

ఒక కేసు చెబుతాను. మెట్ట ప్రాంతంలో, తొలకరి పడ్డ కొత్తలో, ఉద్యోగంలో చేరి ఎక్కువ రోజులు కాని ఒక డాక్టరమ్మకు తెల్లవారుజామున ఫోను వచ్చింది. రాత్రికి రాత్రే గొర్రెలు పడిపోయాయని. ఆమె వెళ్లేసరికి కాపరి దిగాలుగా నిలబడి ఉన్నాడు. "పొద్దు గూకేదాకా బాగానే మేసినయ్యమ్మా. చిటుక రోగమే అయ్యుంటది" అన్నాడు. అతను అనుకోవడంలో తప్పు లేదు. తొలకరి లేత గడ్డి మీద పడి మేసిన గొర్రె ఒక్కసారిగా చనిపోతే మన పల్లెల్లో ముందు గుర్తొచ్చేది చిటుక రోగమే. అప్పటికే ఇద్దరు కత్తులు తెచ్చి, ఒకదాన్ని కోయడానికి సిద్ధంగా ఉన్నారు. చనిపోయినా మాంసం మాంసమే కదా అని వాళ్ల లెక్క.

ఆమె ముందు కత్తులు పక్కన పెట్టించింది. కళేబరాలు ఉబ్బిపోయి ఉన్నాయి. కాళ్లు బిగుసుకోలేదు. ముక్కులోంచీ, వెనక నుంచీ నల్లటి రక్తం కారుతోంది, గడ్డ కట్టడం లేదు. దొమ్మ రోగం కావచ్చని అనుమానం వచ్చిన ఏ డాక్టరూ కళేబరాన్ని కోయడు. కోస్తే లోపలి సూక్ష్మజీవికి గాలి తగులుతుంది. గాలి తగిలితే అది గట్టి పెంకు కట్టుకుని, మట్టిలో దశాబ్దాల పాటు చావకుండా ఉంటుంది. కాబట్టి ఆమె చేతి తొడుగులు వేసుకుని, చెవి నరం దగ్గర చిన్న గాటు పెట్టి, రెండు గాజు పలకల మీద పలచగా రక్తపు పూత తీసుకుంది. గాటు పెట్టిన చోట మందులో తడిపిన దూది అదిమింది. జిల్లా ప్రయోగశాలలో పాలీక్రోమ్ మెథిలీన్ బ్లూ రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే, చివర్లు కత్తిరించినట్టు ఉన్న నీలి కడ్డీల వరుసలు, వాటి చుట్టూ గులాబీ రంగు పొర. దొమ్మే.

ఆ రోజంతా ఆమె చేసింది మన కాలేజీల్లో చెప్పిందే. ఆరడుగుల గుంట తవ్వించి, సున్నం పోయించి పూడ్పించింది. జబ్బుపడ్డ మందకు పెన్సిలిన్ మొదలుపెట్టింది. దొమ్మ టీకా బతికున్న బీజాలతో చేసేది, యాంటీబయాటిక్‌తో కలిపి వేస్తే టీకా చచ్చిపోతుంది. ఆ సంగతి తెలిసినది కాబట్టి ఈ మందకు టీకా ఆపి, చుట్టుపక్కల ఊళ్లలోని ఆరోగ్యమైన మందలకు వేయించింది. కత్తి పట్టుకుని కళేబరాన్ని ముట్టుకున్న ఇద్దరినీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపి, అక్కడి డాక్టరుకు తానే ఫోను చేసి చెప్పింది.

ఇంతవరకూ మంచి డాక్టరు ఎవరైనా చేసే పని. ఆ తర్వాత ఆమె చేసినదే నాకు ముఖ్యం. సంఘం పత్రికకు అరపేజీ రాసి పంపింది. ఊరు, తేదీ, మందలో ఎన్ని జీవాలు, ఎన్ని పోయాయి, అంతకుముందు ఏ టీకాలు పడ్డాయి, చివరి వారం రోజులూ ఎక్కడెక్కడ మేశాయి. ఎండిపోయిన చెరువు లోపల మొలిచిన కురచ గడ్డిని మట్టితో సహా కొరుక్కు తిన్నాయని అందులో రాసింది. తాను కళ్లతో చూసినదాన్ని ఒక పేరాలో పెట్టి, తన ఊహను ఇంకో పేరాలో విడిగా పెట్టింది. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది. మా వృత్తిలో అనుభవం పెరిగేకొద్దీ ఈ రెండూ కలిసిపోతాయి. "పొదుగువాపు వచ్చింది" అని రాసేస్తాం. పాలు ఎలా ఉన్నాయో, ఏ చనులో ఉందో, వేడి ఉందో లేదో రాయం. చదివే ఇంకో డాక్టరుకు మన నిర్ణయం తెలుస్తుంది తప్ప ఆధారం తెలియదు.

ఆ అరపేజీ అచ్చయ్యాక, రిటైరై చాలాకాలమైన ఒక పెద్దాయన నాకు ఫోను చేశారు. "బాబూ, ఆ చెరువు నాకు తెలుసు. నేను ఆ మండలంలో ఉన్న రోజుల్లో ఆ కట్ట కిందే గొర్రెల్ని పూడ్పించాను. ఆ తర్వాత అక్కడ మట్టి తవ్వారేమో కనుక్కో" అన్నారు. కనుక్కుంటే నిజమే, వేసవిలో పొలాలకు మట్టి తోలారు. ఆ పాత సంగతి ఇప్పుడున్న ఏ రిజిస్టరులోనూ దొరకలేదు. ఆయన జ్ఞాపకంలో ఉంది. ఆమె రాయకపోతే ఆయన చదివేవారు కాదు, ఆ జ్ఞాపకం ఆయనతోనే పోయేది. ఇప్పుడు ఆ చెరువు చుట్టూ ఉన్న ఊళ్లకు తొలకరికి ముందే దొమ్మ టీకా వేస్తున్నారు.

మన వృత్తిలో పెద్ద విజయాలన్నీ ఇలా రాసిపెట్టినవాటి మీదే నిలిచాయి. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే, 1924లో, మద్రాసు నుంచి ఇండియన్ వెటర్నరీ జర్నల్ మొదలైంది. క్షేత్రంలో తిరిగే డాక్టర్లు తాము చూసిన కేసులు దానికి రాసి పంపేవారు. రిండర్‌పెస్ట్ సంగతే చూడండి. మందలకు మందల్నే తుడిచిపెట్టిన ఆ రోగం 1995 తర్వాత మన దేశంలో కనిపించలేదు. ప్రపంచంలోనే లేకుండా పోయిందని 2011లో ప్రకటించారు. టీకా గొప్పతనం అందరికీ తెలుసు. టీకాలు ఆపేశాక రోగం లేదని నిరూపించడానికి ఊరూరా తిరిగి, నోట్లో పుండు ఉన్న పశువు ఉందా, పారుడు పట్టిన పశువు ఉందా అని అడిగి రాసుకున్నవాళ్ల శ్రమ మాత్రం ఎవరికీ గుర్తులేదు. రోగం లేదు అని రాయడానికి కూడా ఎవరో వెళ్లి చూడాలి కదా.

గొర్రెలు, మేకల పారుడు రోగం కథ ఇంకా చెప్పుకోదగ్గది. దక్షిణాదిన జీవాల్లో అలాంటి లక్షణాలు కనిపిస్తే అది కూడా రిండర్‌పెస్టే అనుకునేవారు. 1987లో తమిళనాడులోని విల్లుపురం దగ్గర అరసూరులో ఇది వేరే వైరస్ అని తేలింది. అందరూ ఒక పేరు పెట్టి వదిలేసిన జబ్బును ఇంకోసారి చూసి, నమూనా తీసి పంపినవాళ్లు ఉండబట్టే ఆ సంగతి బయటపడింది. ఈరోజు మనం పారుడు టీకా వేస్తున్నామంటే అందులో వాళ్ల వాటా ఉంది.

వార్త డాక్టరు సంచిలోని మందును కూడా మారుస్తుంది. నొప్పికి, జ్వరానికి డైక్లోఫెనాక్ సూది ఒకప్పుడు అందరి సంచిలోనూ ఉండేది. ఆ మందు పడ్డ పశువు చనిపోతే, దాన్ని తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై చచ్చిపోతున్నాయని 2004లో రుజువైంది. 2006లో పశువుల వాడకానికి దాన్ని నిషేధించారు. అయినా మనుషుల కోసం చేసిన పెద్ద సీసాలు మందుల దుకాణాల నుంచి పశువుల దాకా వస్తూనే ఉండటంతో, 2015లో ఆ పెద్ద సీసాలనూ ఆపేశారు. మెలాక్సికామ్ ఉండగా ఇంకా పాత సూది వాడటానికి కారణమే లేదు. 2019లో కోళ్లకూ, మాంసం, పాల పశువులకూ కొలిస్టిన్ నిషేధించినప్పుడూ అంతే. గెజిట్‌లో వచ్చిన రోజుకూ, మారుమూల పశువైద్యశాలలో మందుల బీరువా మారిన రోజుకూ మధ్య దూరాన్ని తగ్గించడం సంఘం పని. సన్మానం ఫొటోకు అరపేజీ ఇచ్చి, నిషేధం వార్తకు నాలుగు లైన్లు ఇస్తే ఆ దూరం తగ్గదు.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు, సంఘం ఈ పని చేయకపోతే ఏమవుతుందో ఇంకా స్పష్టంగా కనిపించింది. వేల్పూరు, కానూరు అగ్రహారం నమూనాల్లో రోగం ఉందని భోపాల్‌లోని ప్రయోగశాల తేల్చింది. కిలోమీటరు లోపల కోళ్లను తొలగించడం, పది కిలోమీటర్ల దాకా నిఘా అని నియమం. అక్కడి మన సభ్యులు ఒంటి నిండా రక్షణ దుస్తులు వేసుకుని, ఎండలో, కంపు మధ్య ఆ పని చేశారు. కోళ్లను పెంచిన రైతు కళ్ల ముందే వాటిని చంపడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. అదే సమయంలో ఫోన్లలో పుకార్లు. గుడ్డు, చికెన్ తింటే పోతారని. బాగా ఉడికించిన మాంసంలో, 70 డిగ్రీల వేడిలో ఆ వైరస్ బతకదు. ఈ మాట చెప్పాల్సింది పశువైద్యులు. చెప్పారు కూడా, ఎవరి మండలంలో వాళ్లు, ఎవరికి తోచినట్టు వాళ్లు.

ఆ రోజుల్లో ఫారం పరిశుభ్రత గురించి అందరికన్నా ఎక్కువ తెలిసినవాళ్లు కోళ్ల కంపెనీల్లో పనిచేసే డాక్టర్లు. వాళ్లలో చాలామంది సంఘానికి దూరంగా ఉంటారు. ఎందుకంటే సంఘం అంటే ప్రభుత్వ డాక్టర్ల సంఘం అనే అభిప్రాయం పాతుకుపోయింది. హైదరాబాద్, విజయవాడల్లో కుక్కల, పిల్లుల క్లినిక్కులు నడిపే యువ డాక్టర్లదీ అదే మాట: "బదిలీల గురించి మాట్లాడే సభలో మాకేం పని సార్?" వాళ్ల ప్రశ్న న్యాయమైనదే. పిల్లలున్న డాక్టరమ్మలు ఆదివారం సాయంత్రం నాలుగింటికి మొదలై రాత్రి పది దాకా సాగే సర్వసభ్య సమావేశానికి రాలేరు. సమయం మార్చండని అడిగితే "ఎప్పుడూ ఇంతే కదమ్మా" అన్నారు. మార్చాల్సిందే. రేబిస్ అనుమానం ఉన్న కుక్క కరిచిందని ఇంటి యజమానిని పరుగు పెట్టించి టీకా వేయించిన క్లినిక్ డాక్టరు అనుభవం, మండలంలో పనిచేసే డాక్టరుకు కావాలి. ఇద్దరూ ఒకే పేజీలో కనిపిస్తే తప్ప ఒకే సంఘం అనిపించుకోదు.

ఇంకో మాట దగ్గర మాలో మాకే కుదరడం లేదు. ఊళ్లో జబ్బు పొడచూపినప్పుడు చాలాసార్లు ముందు చూసేది డాక్టరు కాదు. గోపాలమిత్ర, పశుసంవర్ధక సహాయకుడు, లేదంటే టీకాల రోజున ఐస్ పెట్టె మోసుకొచ్చే అటెండరు. వాళ్ల పరిశీలనలు పత్రికలో వేద్దామని నేనంటున్నాను. కొందరు మిత్రులు ఒప్పుకోవడం లేదు. "ఈరోజు పేరు వేస్తే రేపు బోర్డు పెడతారు" అన్నారు ఒకరు. ఆ భయం వెనక కారణం ఉంది. అర్హత లేని వైద్యం వల్ల పోయిన పశువులను మేమంతా చూశాం. చట్టం కూడా డాక్టరు పర్యవేక్షణలో చిన్నపాటి సేవలకే వాళ్లకు వీలు కల్పించింది. కానీ చూసింది చెప్పడం వైద్యం కాదు. ఒక ఊళ్లో వారంలో ఇన్ని గేదెలు ఈసుకుపోయాయని సహాయకుడు రాస్తే, అది బ్రూసెల్లోసిస్ వైపు చూపే వేలు కావచ్చు. తేల్చే పని డాక్టరుది.

అందుకే వచ్చే సర్వసభ్య సమావేశంలో ఒక ప్రతిపాదన పెడుతున్నాను. పత్రికలో రెండు పేజీలు కేసులకు విడిగా ఉంచాలి. ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా సభ్యులెవరైనా రాయొచ్చు. సహాయక సిబ్బంది పరిశీలన అయితే, కేసు చూసి నిర్ధారించిన డాక్టరు పేరుతో కలిపి ఇద్దరి పేర్లూ వేయాలి. రైతు పేరు వేయొద్దు, ఊరు వేయాలి. తెలుగులోనే రాయొచ్చు. పేరు తెలియని జబ్బయితే తెలియదనే రాయాలి. సెప్టెంబరు సంచికకు నీలి నాలుక మీద ఇప్పటికే రెండు జిల్లాల నుంచి కేసులు వచ్చాయి. వర్షాలకు ఆ రోగాన్ని మోసే చిన్న ఈగలు పెరిగే కాలం కాబట్టి మిగతా జిల్లాల సభ్యులు ఈ నెలాఖరులోగా పంపాలి.